కాపీ చేశారా.. ఖాళీ చేయండి!

నలుగురు వాడే కంప్యూటర్లలో క్లిప్‌బోర్డుతో ముప్పు
పని ముగిశాక అరనిమిషం కేటాయిస్తే చాలు

మౌలాలి: జిరాక్స్ దుకాణంలో నకలు తీయించుకుని, అసలు ధ్రువపత్రాన్ని యంత్రం మూత కిందే మరచిపోయి ఇంటికి వెళ్లిన అనుభవం చాలామందికి ఉంటుంది. తరువాత వచ్చిన వ్యక్తి మూత తీయగానే అది అతని కంట పడుతుంది. కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇలాంటి మూత ఒకటి ఉంది. దాని పేరు క్లిప్‌బోర్డు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, పాస్‌వర్డు వంటివి ఒకచోట కాపీ చేసి మరోచోట పేస్ట్ చేసినప్పుడు, పని ముగిసినా అవి ఆ మూత కిందే ఉండిపోతాయి. మనం డబ్బు చెల్లించి బయటికి వచ్చాక ఆ కుర్చీలో కూర్చున్నవారు రెండు మీటలు నొక్కితే తెరపై ప్రత్యక్షమవుతాయి.

మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ, రైల్వే క్వార్టర్లు, ఈసీఐఎల్ చౌరస్తా, మల్లాపూర్, నాచారం, ఉప్పల్.. ఈ ప్రాంతాల్లో కార్మికులు, చిరుద్యోగులు, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్న యువత అధికం. ఇంట్లో కంప్యూటర్ లేనివారు రైల్వే ఉద్యోగ దరఖాస్తుకైనా, ఉపకార వేతనానికైనా, ఆదాయ ధ్రువపత్రానికైనా వీధి చివరి ఇంటర్నెట్ కేంద్రాన్నే ఆశ్రయిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాక కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ కొంత తగ్గింది. దానికి బదులుగా మన వివరాలన్నీ నలుగురు వాడే కంప్యూటర్ల గుండా ప్రయాణించడం మొదలైంది. కాబట్టి ఈ చిన్న మూత గురించి తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ క్లిప్‌బోర్డు?

కంప్యూటర్‌లో ఒక వాక్యాన్ని గుర్తించి కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే అది కాపీ అవుతుంది. కంట్రోల్, వి నొక్కినచోట పేస్ట్ అవుతుంది. ఈ రెండు పనుల మధ్య ఆ వాక్యం తాత్కాలికంగా నిలిచే స్థలమే క్లిప్‌బోర్డు. ఇది ఏ ఒక్క ప్రోగ్రాముకో చెందినది కాదు. కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అధీనంలో ఉంటుంది. అందువల్లే బ్రౌజర్‌లో కాపీ చేసినది వర్డ్‌లోనూ, వర్డ్‌లో కాపీ చేసినది ఈ-మెయిల్‌లోనూ పేస్ట్ చేయగలుగుతున్నాం. ఆ సౌలభ్యమే ముప్పుకూ మూలం. ఒక ప్రోగ్రాము పెట్టినదాన్ని ఇంకొకటి తీసుకోగలిగినట్టే, ఒకరు పెట్టినదాన్ని మరొకరు తీసుకోగలరు.

సాధారణంగా క్లిప్‌బోర్డులో ఒక్క వస్తువుకే చోటు ఉంటుంది. కొత్తది కాపీ చేయగానే పాతది చెరిగిపోతుంది. కొత్తది కాపీ చేయకపోతే పాతది అలాగే ఉంటుంది. పేస్ట్ చేసినంత మాత్రాన అది ఖర్చయిపోదు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మళ్లీ పేస్ట్ చేయవచ్చు.

ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, మన వీధి దుకాణాలకు ఏ సంస్థ పేరు స్థిరపడిందో, కాపీ-పేస్ట్ పద్ధతి రూపుదిద్దుకున్నదీ ఆ జిరాక్స్ సంస్థకు చెందిన అమెరికా పరిశోధన కేంద్రంలోనే. 1970 దశకం మధ్యలో అక్కడ పనిచేసిన లారీ టెస్లర్, సహచరుడు టిమ్ మాట్‌తో కలిసి 'జిప్సీ' అనే రచనా ప్రోగ్రాములో దీనికి రూపమిచ్చారు. ఆపిల్ సంస్థ 1983లో విడుదల చేసిన లీసా, 1984లో తెచ్చిన మకింటోష్ కంప్యూటర్లతో ఇది సామాన్యులకు చేరువైంది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

మూసివేస్తే పోతుందా?

'ఫైలు తొలగించాను, బ్రౌజర్ మూసేశాను, ఇంకేముంటుంది' అన్నది చాలామంది ధీమా. ఒక ఉదాహరణ చూద్దాం. డిగ్రీ చదివే విద్యార్థి ఉపకార వేతనం దరఖాస్తు నింపడానికి ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లాడనుకుందాం. వాట్సాప్ వెబ్ తెరిచి, తండ్రి పంపిన బ్యాంకు ఖాతా సంఖ్యను కాపీ చేసి దరఖాస్తులో పేస్ట్ చేశాడు. తరువాత వాట్సాప్ నుంచి బయటికి వచ్చాడు. బ్రౌజర్ మూసివేశాడు. డౌన్‌లోడ్ చేసిన రసీదునూ తొలగించాడు. ఇంత జాగ్రత్త పడినా ఖాతా సంఖ్య క్లిప్‌బోర్డులో ఉంది. తరువాత వచ్చినవారు నోట్‌ప్యాడ్ తెరిచి కంట్రోల్, వి నొక్కితే అది బయటపడుతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో పనిచేసినా చాలా బ్రౌజర్లలో ఫలితం ఇంతే. ఆ కిటికీ చూసిన పేజీల చరిత్రను దాచిపెట్టదు గానీ, కాపీ చేసినదాన్ని తుడిచివేసే బాధ్యత తీసుకోదు.

క్లిప్‌బోర్డులోనిది ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకశక్తిలో ఉంటుంది. విద్యుత్తు అందినంతసేపే ర్యామ్‌లో సమాచారం నిలుస్తుంది. మౌలాలికి కూతవేటు దూరంలోని ఈసీఐఎల్ 1967లో ఏర్పడి, 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను అందించింది. ఆ తరం కంప్యూటర్లలో విరివిగా వాడిన అయస్కాంత కోర్ మెమరీకి విద్యుత్తు ఆగినా సమాచారాన్ని నిలుపుకొనే గుణం ఉండేది. నేటి ర్యామ్‌కు ఆ గుణం లేదు. కాబట్టి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే క్లిప్‌బోర్డు ఖాళీ అవుతుంది. యూజర్ ఖాతా నుంచి సైన్ అవుట్ అయినా అంతే. అయితే స్లీప్‌లో గానీ హైబర్నేట్‌లో గానీ ఉంచితే మాత్రం ఖాళీ కాదు. స్లీప్‌లో ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని సమాచారమంతా హార్డ్‌డిస్క్‌లో భద్రమై, తిరిగి ఆన్ చేయగానే యథాతథంగా వస్తుంది. రోజంతా గిరాకీ ఉండే కేంద్రాల్లో ప్రతి ఖాతాదారు తరువాత రీస్టార్ట్ చేయడం కుదిరే పని కాదు. తెర ఆర్పివేసి వదిలేయడమే సహజంగా జరుగుతుంది.

పాతిక దాకా భద్రం

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 నవీకరణతో పరిస్థితి మరింత మారింది. అందులో 'క్లిప్‌బోర్డు హిస్టరీ' అనే సదుపాయం చేరింది. విండోస్ 11లోనూ ఇది ఉంది. దీన్ని ఆన్ చేసి ఉంచితే చివరగా కాపీ చేసినది ఒక్కటే కాక, 25 వస్తువుల వరకు వరుసగా నిలిచి ఉంటాయి. విండోస్ గుర్తున్న మీట, వి కలిపి నొక్కితే జాబితా కనిపిస్తుంది. రోజూ రాతపని చేసేవారికి ఇది ఎంతో ఉపయోగకరం. నలుగురు వాడే కంప్యూటర్‌లో మాత్రం ఉదయం నుంచి వచ్చిన ఖాతాదారులందరి అంకెలూ ఒకేచోట కుప్పగా పోసినట్టే.

ఈ సదుపాయం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఎవరో ఒకరు ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. కనుక అపరిచిత కంప్యూటర్ ముందు కూర్చోగానే ముందుగా విండోస్ మీట, వి నొక్కి చూడటం మంచి అలవాటు. ఆన్ చేయమని అడిగితే హిస్టరీ లేదని అర్థం. జాబితా కనిపిస్తే ఆన్‌లో ఉందని గ్రహించాలి. జాబితాలోని ఏదైనా ఒక వస్తువును 'పిన్' చేసి ఉంటే, రీస్టార్ట్ చేసినా అది పోదు. కాపీ చేసినదాన్ని ఇతర పరికరాలకు కూడా పంపే 'సింక్' అనే మరో సదుపాయం ఉంది. ఉమ్మడి కంప్యూటర్‌లో ఇది ఆఫ్‌లో ఉందని నిర్ధారించుకోవాలి.

ఇలా ఖాళీ చేయాలి

విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లలో: స్టార్ట్ మెనూ నుంచి సెట్టింగ్స్ తెరవాలి. అందులో సిస్టమ్, ఆ తరువాత క్లిప్‌బోర్డు ఎంచుకోవాలి. 'క్లియర్ క్లిప్‌బోర్డ్ డేటా' ఎదుట ఉన్న క్లియర్ బొత్తాం నొక్కాలి. పిన్ చేసినవి తప్ప మిగిలినవన్నీ తొలగిపోతాయి. పిన్ చేసినవి ఉంటే ముందుగా విండోస్ మీట, వి నొక్కి, వాటి పిన్ తీసివేసి, ఆపై క్లియర్ చేయాలి. అదే జాబితాలో 'క్లియర్ ఆల్' కూడా కనిపిస్తుంది.

ఏ కంప్యూటర్‌లోనైనా పనికొచ్చే సులువైన మార్గం: నోట్‌ప్యాడ్ తెరిచి ఏదో ఒక అక్షరం టైప్ చేసి, దాన్ని గుర్తించి కాపీ చేయాలి. క్లిప్‌బోర్డులో ఉన్న పాత సమాచారం స్థానంలో ఆ ఒక్క అక్షరమే మిగులుతుంది. పాత విండోస్ ఉన్న యంత్రాల్లో ఇదే ఉత్తమం. అయితే హిస్టరీ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో ఈ ఉపాయం పారదు. కొత్త అక్షరం జాబితాలో పైకి చేరుతుంది, పాతది దాని కింద అలాగే ఉంటుంది.

కమాండ్‌తో పని జరిపించే మార్గమూ ఉంది. విండోస్ మీట, ఆర్ నొక్కి వచ్చిన రన్ పెట్టెలో 'సీఎండీ' అని టైప్ చేస్తే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అందులో 'ఎకో ఆఫ్', తరువాత నిలువు గీత, ఆ తరువాత 'క్లిప్' అన్న మాటలను ఆంగ్లంలో ఇదే వరుసలో టైప్ చేసి ఎంటర్ నొక్కాలి. ఏమీ లేని ఖాళీని క్లిప్‌బోర్డుకు పంపమని దీని అర్థం. ఇది కూడా హిస్టరీ జాబితాను తుడవదు.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో క్లిప్‌బోర్డులో ఏముందో చూపి, తొలగించేందుకు 'క్లిప్‌బుక్ వ్యూయర్' అనే చిన్న ప్రోగ్రాము ఉండేది. 2007లో విస్టా రావడంతో దాన్ని తీసివేశారు. తిరిగి హిస్టరీ వచ్చేవరకు, తన క్లిప్‌బోర్డులో ఏముందో నేరుగా చూసుకునే వీలు విండోస్ వినియోగదారుడికి లేకుండాపోయింది.

ఏ పద్ధతి పాటించినా చివరగా నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్, వి నొక్కి సరిచూసుకోవాలి. ఏమీ రాకపోయినా, పనికిరాని అక్షరం వచ్చినా పని పూర్తయినట్టే. నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. తెర బొమ్మ తీసే ప్రింట్‌స్క్రీన్ మీట నొక్కి ఉంటే ఆ బొమ్మ కూడా క్లిప్‌బోర్డులో నిలిచి ఉండవచ్చు. దాన్ని పెయింట్ ప్రోగ్రాములో పేస్ట్ చేసి చూడాలి.

వర్డ్, ఎక్సెల్‌కు వేరే సంచి

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ప్రోగ్రాములకు సొంతంగా మరో క్లిప్‌బోర్డు ఉంది. ఆఫీస్ 2000లో ఇది 12 వస్తువులను నిలుపుకొనేది. ఆ తరువాతి సంచిక నుంచి 24కు పెరిగింది. హోం ట్యాబ్‌లో ఎడమవైపు క్లిప్‌బోర్డు విభాగం మూలన ఉండే చిన్న బాణం గుర్తును నొక్కితే ఈ జాబితా తెరుచుకుంటుంది. అందులో 'క్లియర్ ఆల్' నొక్కాలి. లేదా తెరిచి ఉన్న ఆఫీస్ ప్రోగ్రాములన్నింటినీ మూసివేయాలి. మూసేటప్పుడు క్లిప్‌బోర్డులోని సమాచారాన్ని ఉంచాలా అని అడిగితే వద్దని చెప్పాలి.

డీటీపీ కేంద్రాల వారికి ఇంకో సంగతి తెలిసినదే. అను ఫాంట్లలో కూర్చిన తెలుగును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే అర్థంకాని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు వస్తాయి. వర్డ్‌లో పేస్ట్ చేస్తే తెలుగే వస్తుంది. క్లిప్‌బోర్డు ఒకే సమాచారాన్ని పలు రూపాల్లో దాచడమే దీనికి కారణం. ఒక రూపంలో ఫాంటు పేరు, రంగు, పరిమాణం ఉంటాయి. మరో రూపంలో వట్టి అక్షరాలే ఉంటాయి. పేస్ట్ చేసే ప్రోగ్రాము తనకు తెలిసిన రూపాన్ని ఎంచుకుంటుంది. నోట్‌ప్యాడ్‌లో పిచ్చి గీతలుగా కనిపించింది కదా అని శుభలేఖ ముసాయిదానో, స్థలం దస్తావేజు పాఠాన్నో వదిలివేస్తే, వర్డ్ తెరిచినవారికి అది చక్కగా చదవడానికి వీలవుతుంది.

ఖాళీ చేసే ముందు..

తొందరపడితే నష్టమూ ఉంది. ఒక పేరాను 'కట్' చేసి ఇంకా ఎక్కడా పేస్ట్ చేయకుండా క్లిప్‌బోర్డును ఖాళీ చేస్తే ఆ పేరా పోయినట్టే. ఆ పత్రం ఇంకా తెరిచి ఉంటే కంట్రోల్, జడ్ నొక్కి వెనక్కి రప్పించవచ్చు. ఫోల్డర్లలోని ఫైళ్ల విషయంలో ఈ భయం లేదు. ఫైలును కట్ చేసినా, పేస్ట్ చేసేవరకు అది ఉన్నచోటే ఉంటుంది.

క్లిప్‌బోర్డు ఖాళీ చేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందన్నది కూడా అపోహే. నాలుగు మాటలు, పదహారు అంకెలు ఆక్రమించే స్థలం లెక్కలోకి రాదు. చాలా పెద్ద చిత్రాన్ని కాపీ చేసినప్పుడు మాత్రం కొంత తేడా ఉండవచ్చు. ఈ పని గోప్యత కోసం చేయవలసిందే తప్ప వేగం కోసం కాదు.

ఎదురుదిశలో మోసం

క్లిప్‌బోర్డు నుంచి సమాచారం బయటికి పోవడం ఒక ముప్పు కాగా, హానికరమైనది దానిలోకి రావడం మరో ముప్పు. 2024 నుంచి ప్రపంచవ్యాప్తంగా 'క్లిక్‌ఫిక్స్' పేరిట ఒక మోసం ప్రబలింది. ఒక వెబ్‌సైటు తెరవగానే 'మీరు మనిషేనని నిరూపించుకోండి' అంటూ విండోస్ మీట, ఆర్ నొక్కి, ఆపై కంట్రోల్, వి, ఎంటర్ నొక్కమని సూచిస్తుంది. అప్పటికే ఆ పేజీ హానికరమైన ఆదేశాన్ని వినియోగదారుడి క్లిప్‌బోర్డులో ఉంచి ఉంటుంది. చెప్పినట్టు చేస్తే ఎవరి కంప్యూటర్‌లోకి వారే చేజేతులా వైరస్‌ను ఆహ్వానించినట్టవుతుంది. నిజమైన ఏ వెబ్‌సైటూ రన్ పెట్టెలో పేస్ట్ చేయమని అడగదు.

క్రిప్టో కరెన్సీ వాడేవారు కాపీ చేసిన ఖాతా చిరునామాను, పేస్ట్ చేసేలోగా మార్చివేసే వైరస్‌లు కూడా వెలుగుచూశాయి. పేస్ట్ చేసిన ఖాతా సంఖ్య మొదటి, చివరి అంకెలను సరిచూసుకోవడం ఎవరికైనా మేలే.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే రిమోట్ ప్రోగ్రాముల్లో రెండువైపుల క్లిప్‌బోర్డులు కలిసిపోయే వీలుంటుంది. ఇక్కడ కాపీ చేసినది అక్కడా పేస్ట్ చేయవచ్చు. ఇలాంటి యాప్‌ల ద్వారా జరిగే మోసాలపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసి ఏదో యాప్ వేసుకోమంటే నిరాకరించడమే క్షేమం.

ఫోన్లలో కొంత మెరుగు

కంప్యూటర్ల కంటే ఫోన్లలో జాగ్రత్తలు ముందే పెరిగాయి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఏదైనా యాప్ వేరే యాప్‌లో కాపీ చేసినదాన్ని చదివితే ఐఫోన్ తెరపై ఆ సంగతి తెలియజేస్తోంది. ఆండ్రాయిడ్ 12లోనూ ఇదే తరహా సూచన వచ్చింది. 2022లో విడుదలైన ఆండ్రాయిడ్ 13 కొంత సమయం గడిచాక క్లిప్‌బోర్డును తానే ఖాళీ చేస్తుంది. కంప్యూటర్‌లో పాస్‌వర్డులు భద్రపరిచే కీపాస్ వంటి ప్రోగ్రాములు కూడా కాపీ చేసిన పాస్‌వర్డును కొన్ని సెకన్లలోనే తుడిచివేస్తాయి. విండోస్‌లో సాధారణంగా కాపీ చేసే వాటికి మాత్రం ఇలా దానంతట అదే ఖాళీ అయ్యే ఏర్పాటు లేదు. వినియోగదారుడే చేసుకోవాలి.

నిర్వాహకులూ చేయవచ్చు

ఈ భారమంతా ఖాతాదారుడిపైనే వేయడం న్యాయం కాదు. దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చే వృద్ధులకు, చదువురాని వారికి సెట్టింగ్స్ తెరవడం సాధ్యం కాదు. చాలా సందర్భాల్లో మౌస్ పట్టుకునేది ఆపరేటరే. అందువల్ల కేంద్రాల నిర్వాహకులు క్లిప్‌బోర్డు హిస్టరీని, సింక్‌ను శాశ్వతంగా ఆఫ్ చేసి ఉంచాలి. తుడిచే కమాండ్‌ను డెస్క్‌టాప్‌పై షార్ట్‌కట్‌గా పెట్టుకుంటే, ప్రతి ఖాతాదారు లేవగానే ఒక్కసారి నొక్కితే సరిపోతుంది. హిస్టరీ ఆఫ్‌లో ఉంటే ఆ ఒక్క నొక్కుతోనే క్లిప్‌బోర్డు పూర్తిగా ఖాళీ అవుతుంది. ఖర్చు లేదు, కొత్త ప్రోగ్రాము అవసరమూ లేదు. రాత్రి దుకాణం మూసేటప్పుడు స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి.

ఖాతాదారులు తమ వంతుగా అవసరమైనచోట మాత్రమే పూర్తి ఆధార్ సంఖ్య ఇవ్వాలి. మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్‌ను, 2018లో ప్రవేశపెట్టిన 16 అంకెల వర్చువల్ ఐడీని వాడుకునే వీలుంది. పాస్‌వర్డును మాత్రం కాపీ చేయకుండా చేత్తో టైప్ చేయడమే మంచిది.

వివరాలు దుర్వినియోగమై డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇతరుల పాస్‌వర్డును గానీ, గుర్తింపు వివరాలను గానీ మోసపూరితంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

* కూర్చోగానే: విండోస్ మీట, వి నొక్కి హిస్టరీ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.
* పనిచేసేటప్పుడు: పాస్‌వర్డును కాపీ చేయరాదు. రన్ పెట్టెలో ఏదీ పేస్ట్ చేయరాదు.
* లేచే ముందు: సెట్టింగ్స్, సిస్టమ్, క్లిప్‌బోర్డు, క్లియర్. పాత యంత్రమైతే ఒక అక్షరం కాపీ చేస్తే చాలు.
* వర్డ్, ఎక్సెల్ వాడితే: 'క్లియర్ ఆల్' నొక్కాలి, లేదా అన్ని ఆఫీస్ ప్రోగ్రాములూ మూసివేయాలి.
* చివరగా: నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్, వి నొక్కి సరిచూసుకోవాలి.

జిరాక్స్ యంత్రం మూత ఎత్తి అసలు పత్రాన్ని తీసుకున్నాకే దుకాణం మెట్లు దిగడం అందరికీ అలవాటే. కంప్యూటర్ ముందు నుంచి లేచేటప్పుడూ అదే అలవాటు కావాలి.